బాబుకి రెండేళ్ళు దాటాయి, మాటలు సరిగ్గా రావట్లేదు.. ఇంట్లో మనం ఏం చేయొచ్చు?

పటమట_అమ్మ | మంగళవారం రాత్రి 10:48

అందరికీ నమస్తే అండి. ఇక్కడ పోస్టులు చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మా బాబుకి రెండేళ్ళ రెండు నెలలు. అమ్మ, నాన్న, తాత, బువ్వ, బస్సుని బచ్చు అంటాడు, ఇంకో రెండు మూడు మాటలు, అంతే. మిగతాదంతా మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించడమే. పక్క ఫ్లాట్‌లో పాప వీడికంటే చిన్నది, నిన్న లిఫ్ట్‌లో "నాకు పెరుగన్నం వద్దు, పప్పన్నం పెట్టు" అని వాళ్ళమ్మతో పోట్లాడుతుంటే విని అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మా అత్తగారు "వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళదాకా నోరు విప్పలేదు, ఇప్పుడు ఆపమన్నా ఆపడు" అంటారు. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి వస కొమ్ము తేనెలో అరగదీసి నాకించమంటోంది. ఆడపడుచేమో నాలుక కింద నరం చూపించమంది. ప్లేస్కూల్‌లో అడగడానికి వెళ్తే అక్కడి మేడమ్ "ఇంట్లో రెండు భాషలు కలపడం వల్లే ఇలా, ఇకనుంచి ఇంగ్లీషొక్కటే మాట్లాడండి" అని చెప్పి పంపించింది. మా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేది నేనొక్కదాన్నే, అదీ ఆఫీసు కాల్స్‌లో. అన్నం మాత్రం ఫోన్ పెడితేనే తింటాడు (తిట్టేవాళ్ళు కొంచెం ఆగి తిట్టండి). ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ఇది కంగారు పడాల్సిన విషయమా కాదా, ఇంట్లో మేం చేయగలిగేది ఏంటి?

మిర్చియార్డు_మామ | 10:59

ఏం కాదమ్మా. మా అన్న కొడుకు అంతే, మూడేళ్ళు నిండినాక ఒక్కసారిగా అందుకున్నాడు, ఇప్పుడు వాడి నోరు మూయించాలంటే దణ్ణం పెట్టాల. పిల్లలు ఎవరి టైముకి వాళ్ళు మాట్లాడతారు. మా చిన్నప్పుడు ఈ థెరపీలు ఎక్కడున్నయ్, మేమందరం మాట్లాడట్లేదా ఏంది.

గుంటూరు_స్పీచ్ | 11:34

పటమట_అమ్మ గారూ, నేను గుంటూరులో స్పీచ్ థెరపిస్టుని. ఇక్కడ నాలుగు లైన్లు చదివి పిల్లాడికి ఫలానా అని ఎవరూ చెప్పలేరు, ఎవరైనా చెప్తే నమ్మొద్దు, నేను చెప్పినా సరే. కొన్ని అడుగుతాను, తీరిగ్గా చూసి రాయండి.

మాటలు లెక్కపెట్టినప్పుడు వద్దు, దా, పెట్టు, పో, ఇంకా లాంటివి వేశారా? చాలామంది వస్తువుల పేర్లే లెక్కేస్తారు, మన పిల్లలు ముందు అనేవాటిలో సగం పనుల మాటలే ఉంటాయి. కుక్కని బౌబౌ అన్నా, ఆవుని అంబా అన్నా, స్నానాన్ని లాల అన్నా అవీ మాటలే. బచ్చు కూడా. స్పష్టంగా ఉండక్కర్లేదు, ఎప్పుడూ ఒకే దానికి ఒకే మాట వాడితే చాలు. తర్వాత, మీరు వేలు చూపించకుండా, కళ్ళతో అటు చూడకుండా "నాన్న చెప్పులు తీసుకురా" అంటే తెస్తాడా? పైన విమానం పోతుంటే వేలు పెట్టి చూపించి, మీరు చూశారా లేదా అని మీ మొహం వైపు తిరుగుతాడా? ఇంతకుముందు అన్న మాటలు ఏవైనా అనడం మానేశాడా? చెవులు ఎప్పుడైనా టెస్ట్ చేయించారా? ఈ చివరి దానికి జవాబు మాత్రం మర్చిపోకుండా రాయండి.

మామగారూ, ఆలస్యంగా మొదలెట్టి అందుకునే పిల్లలు చాలామందే ఉంటారు, కాదనను. ఎవరు వాళ్ళంతట వాళ్ళు అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో రెండేళ్ళప్పుడు బయటికి చూసి చెప్పలేం, చిక్కంతా అక్కడే ఉంది. రెండేళ్ళకి ఓ యాభై మాటలు, రెండు మాటలు కలిపి అనడం, అంటే "అమ్మ దా", "పాలు వద్దు" లాంటివి రాకపోతే ఒకసారి చూపించమంటాం. ఏడాదికి వేలు పెట్టి చూపించకపోయినా, పదహారు నెలలకి ఒక్క మాటా లేకపోయినా, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోయినా ఇక ఆగకూడదు. వాళ్ళ నాన్నకి కూడా లేటుగా వచ్చాయంటే అది డాక్టరుకి చెప్పాల్సిన సంగతి, ఇంట్లో అలా ఉన్నప్పుడు పిల్లలకి కూడా ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువ.

వస గురించి: అది నాకిస్తే మాటలొస్తాయనడానికి ఎక్కడా రుజువు లేదు. వసలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968 లోనే తిండి పదార్థాల్లో వస కలపడం నిషేధించారు. ఏడాదిలోపు పిల్లలకైతే తేనె చుక్క కూడా పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. మీ వాడు రెండేళ్ళు దాటాడు కాబట్టి తేనెకి భయం లేదు, వస మాత్రం వద్దులెండి. అమ్మగారితో గొడవ పెట్టుకోకండి, డాక్టరు వద్దన్నారని చెప్పండి. నాలుక నరం పాలు తాగడానికి అడ్డం రావచ్చు, కొందరికి ఒకటి రెండు అక్షరాలు సరిగ్గా పలకకపోవచ్చు, అంతేగానీ అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

పటమట_అమ్మ | బుధవారం ఉదయం 7:15

చాలా థ్యాంక్స్ మేడమ్. రాత్రి మా ఆయనా నేనూ కూర్చుని మీరు చెప్పినట్టు రాస్తే ఇరవై దాటాయి, దా, వద్దు, ఇంకా, టాటా, జేజ అన్నీ వదిలేశాను నేను. చెప్పులు తెస్తాడు, సైగ లేకుండానే. విమానం చూపించి మా మొహం కూడా చూస్తాడు. మాటలు పోవడం ఏం లేదు. చెవుల టెస్ట్ పుట్టినప్పుడు చేసినట్టు డిశ్చార్జ్ కాగితాల్లో ఎక్కడా లేదు. కానీ స్టీలు పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడతాడు, టీవీలో యాడ్ వస్తే పరిగెత్తుకొస్తాడు, వినికిడి బానే ఉన్నట్టే కదా?

కృష్ణలంక_నాన్న | 7:52

అమ్మా, ఆ పళ్ళెం మాట నమ్మొద్దు. మా కొంప ముంచింది అదే. మా పాప పుట్టినప్పుడు చెవి టెస్ట్ అనేది ఒకటుందని మాకెవరూ చెప్పలేదు. ఏడాది దాటాక మా నాన్న వెనకనుంచి గరిటెతో పళ్ళెం మీద కొట్టారు, పాప తిరిగింది, అందరం హమ్మయ్య అనుకున్నాం. తర్వాత ఒక పిల్లల డాక్టరు దగ్గరికెళ్తే ఆయన కూడా చప్పట్లు కొట్టి చూసి, వింటోంది, ఇంకో ఆరునెలలు చూద్దాం అన్నాడు. రెండేళ్ళు దాటాక వేరే చోట బెరా అని నిద్రలో ఉంచి చేసే వినికిడి టెస్ట్ చేస్తే రెండు చెవులూ బాగా తక్కువ. పెద్ద పెద్ద చప్పుళ్ళు మాత్రం తెలుస్తున్నాయి, మనం మాట్లాడేది తెలియట్లేదు. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవి లోపల వినికిడి పరికరం అమర్చే ఆపరేషన్ అయింది, అప్పట్లో ఆరోగ్యశ్రీ అనేవాళ్ళం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దాంట్లోనే. ఆపరేషన్ అయిపోతే పనైపోయినట్టు కాదు, తర్వాత థెరపీ ఉంది చూశారా, అదీ అసలు కష్టం. ఇప్పుడు స్కూల్లో అందరితో పాటే చదువుతోంది, నాతో తగువు పెట్టుకుంటోంది కూడా. ఇంకా ముందు తెలిసుంటే అని మా ఆవిడ ఇప్పటికీ అంటది. మీ బాబుకి ఏం ఉండకపోవచ్చు, నిజంగా ఏం ఉండకూడదనే కోరుకుంటా, కానీ టెస్ట్ చేయించుకుని ఏం లేదనిపించుకోండి.

గుంటూరు_స్పీచ్ | 8:20

కృష్ణలంక_నాన్న గారు చెప్పిందే నేనూ చెప్పబోయేది. వినికిడి అంటే ఉంది, లేదు అని రెండే ఉండవు. పళ్ళెం, కుక్కర్ విజిల్, డోర్ బెల్ వినపడి కూడా స, ష, ఫ లాంటి సన్నటి శబ్దాలు పట్టుకోలేని పిల్లలు ఉంటారు. గిన్నె కొట్టినప్పుడు పిల్లలు చప్పుడుకే కాదు, గాలి కదలికకి, నీడకి కూడా తిరుగుతారు, అందుకే ఇంట్లో చేసేది టెస్ట్ కింద రాదు. జలుబు ఎక్కువగా ఉండే పిల్లల్లో చెవిపొర వెనక నీరు చేరి కొన్ని వారాలపాటు వినికిడి మందగిస్తుంది, నొప్పి కూడా ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. అసలు పద్ధతి ప్రకారం అయితే పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలలోపు గట్టిగా నిర్ధారణ, లోపం ఉంటే ఆరు నెలలలోపు మెషినో థెరపీనో మొదలవ్వాలి. ఇప్పటికీ మన దగ్గర చాలా చోట్ల ఇది జరగట్లేదు.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం: 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అని ప్రభుత్వ కార్యక్రమం ఉంది, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళదాకా పిల్లలకి. ఆ టీములు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వచ్చి చూడాలి, తేడా ఉంటే జిల్లాలో ఉండే డీఈఐసీకి, అంటే పిల్లల లోపాలు ముందే గుర్తించి సాయం చేసే కేంద్రానికి పంపుతారు. మీ అంగన్‌వాడీ టీచర్‌నో ఏఎన్‌ఎమ్‌నో అడగండి. టీకాల కార్డు మీద కూడా ఏ నెలకి ఏం చేయాలో బొమ్మలు ఉంటాయి, ఎవరూ తిప్పి చూడరు.

బ్రాడీపేట_టీచరమ్మ | 9:40

అమ్మాయ్, ఫోన్ గురించి ఎవరూ తిట్టర్లే. నేను ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి చెప్పి రిటైరయ్యా, ఇప్పుడు మనవరాలితో మళ్ళీ ఒకటో తరగతే. చెవుల టెస్ట్ ఎట్టాగూ చేయిస్తావు, ఈలోపు ఇంట్లో ఏం చేయాలన్నావు కదా, నేను చేసేది చెప్తా.

చిక్కుడుకాయలు తీసేటప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటా. ఈనె లాగుతా "ఈనె లాగితే.. వచ్చింది" అంటా. ఇంకో కాయ తీసుకుని మళ్ళీ "ఈనె లాగితే.. వచ్చింది". మూడో కాయకి "ఈనె లాగితే.." అని ఊరుకుంటా. కాయ చేతిలో పట్టుకుని నా మొహంలోకే చూస్తది. నేను కదలను. మెదలను. నోరు అటూ ఇటూ కదిలిస్తది, "అచ్చింది" అంటది. "ఆ, వచ్చింది, ఎంత పొడుగు ఈనె వచ్చిందో" అంటా. అచ్చింది కాదు వచ్చింది అను అని దిద్దను, నేను సరిగ్గా అంటే చాలు దానికి. కాయలో పురుగు కనపడిందా ఇక ఆ పూట వంట లేటే, పురుగు ఎక్కడికి పోద్ది, వాళ్ళమ్మ ఏది, దానికి బువ్వ ఎవరు పెట్టారు, అన్నీ కావాలి. కూర ఎప్పటికో అయిద్ది, మా కోడలు నవ్వుద్ది.

మీరు చేసేదేందంటే, మీరందరూ అంటున్నా, పిల్లాడు వేలు చూపించడం ఆలస్యం, గ్లాసు తెచ్చి చేతిలో పెడతారు. వాడికి మాట అవసరం ఏముంది ఇంక? కాస్త తెలియనట్టు ఉండండి. ఏడిపించమనట్లా, ఒక్క క్షణం ఆగమంటున్నా.

గుంటూరు_స్పీచ్ | 9:58

టీచరమ్మ గారూ, మేం ట్రైనింగ్‌లో నేర్చుకునేది మీరు చిక్కుడుకాయలతో చేసేస్తున్నారు. ఆగడం అనేది పెద్దవాళ్ళకి చాలా కష్టం, నిజం చెప్తున్నా. రెండు సెకన్లు గడవకముందే మనమే జవాబు చెప్పేస్తాం. మనసులో ఐదు, అవసరమైతే పది లెక్కపెట్టుకోండి, పిల్లాడి మొహం ఎత్తులో కూర్చోండి, తర్వాత మాట్లాడండి. వాడు "బచ్చు" అంటే "ఆ బస్సు, ఎర్ర బస్సు పోతోంది" అని వాడిచ్చిన మాటకి ఒకటి రెండు చేర్చి తిరిగివ్వండి, అంతకంటే ఎక్కువ వద్దు. వాడు ఏం చూస్తున్నాడో దాని గురించే మాట్లాడండి. వాడు ఫ్యాన్ చూస్తుంటే మీరు పుస్తకంలో ఏనుగు చూపిస్తే ఆ మాట వాడికి ఎక్కదు.

ఇంకోటి, ఈ "ఆంటీకి చెప్పు నాన్నా, లయన్ ఎలా అరుస్తది? ముక్కు ఎక్కడుంది? ఇదేం కలర్?" దయచేసి ఇది తగ్గించండి. చుట్టాలొచ్చినప్పుడల్లా పిల్లాడికి వైవా. తెలిసిన మాట కూడా మింగేస్తారు. పది ప్రశ్నలకి బదులు మీరు చేస్తున్న పని మీరే చెప్పుకోండి, దోసె తిప్పుతున్నా, ఉఫ్ ఊదుతున్నా, వేడి వేడి.

బందరురోడ్డు_టెక్కీ | 10:31

ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. ఈ చిక్కుడుకాయలు అవీ బానే ఉన్నాయి గానీ రేపు స్కూల్ అడ్మిషన్‌కి వెళ్తే అడిగేది ఇంగ్లీషులోనే కదా. తెలుగు ఎలాగూ వీధిలో వస్తుంది. ఆ ప్లేస్కూల్ మేడమ్ చెప్పిందాంట్లో తప్పేముంది? మా అపార్ట్‌మెంట్‌లో అందరం ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాం పిల్లలతో.

లాలాపేట_భాయి | 10:50

అన్నా మా ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు. మా అమ్మ పిల్లలతో ఉర్దూ తప్ప వేరే మాట్లాడదు, కింద షాపులో పనివాళ్ళు తెలుగే మాట్లాడతారు, మా చిన్నోడు పాలబ్బాయితో తెలుగులో బేరమాడి లోపలికొచ్చి వాళ్ళ దాదీకి ఉర్దూలో రేటు చెప్తాడు, నాలుగేళ్ళు వాడికి. మా గుంటూరు పాతబస్తీలో మూడు భాషల పిల్లలు ఇంటికొకడు. కన్ఫ్యూజ్ అయిన వాడు ఒక్కడూ లేడు. ఎప్పుడన్నా కలిపేస్తారు, "అమ్మీ నాకు పానీ కావాలి" అంటారు, మనమూ అంతే కదా, నేను ఇప్పుడు రాసిందాంట్లో ఎన్ని ఇంగ్లీషు ముక్కలున్నాయో చూడు.

గుంటూరు_స్పీచ్ | 11:12

భాయి చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. లెక్క మాత్రం రెండూ కలిపి వేయాలి, ఒకే మనిషికి రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నట్టు, ఒక పాస్‌బుక్ చూసి వీడి దగ్గర డబ్బుల్లేవంటే ఎలా?

టెక్కీ గారూ, ఇంగ్లీషు బాగా వచ్చి, దాంట్లో పిల్లాడితో నవ్వగలిగి, కోప్పడగలిగి, కథ చెప్పగలిగితే మాట్లాడండి, ఎవరూ వద్దనరు. పటమట_అమ్మ గారి ఇంట్లో అత్తగారికి ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషొక్కటే అని పెట్టుకుంటే ఆవిడ మనవడితో మాట్లాడటం మానేయాలి. మిగతావాళ్ళు "బాల్. గివ్. కమ్. సిట్." దగ్గర ఆగిపోతారు. మాటలు తక్కువగా ఉన్న పిల్లాడికి చుట్టూ ఉన్న మాటలు ఇంకా తగ్గించినట్టు అవుతుంది. ఈ సలహా వల్ల ఇంట్లో అందరూ మూగనోము పట్టిన కుటుంబాలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

బ్రాడీపేట_టీచరమ్మ | 11:25

ఇంటి భాష గట్టిగా ఉన్న పిల్లాడికి రెండో భాష చెప్పడం సులువు బాబూ, బడిలో చూసిన మాట చెప్తున్నా. 2020 లో వచ్చిన జాతీయ విద్యా విధానంలో కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమన్నారు. మన స్కూళ్ళు చేస్తాయా చేయవా అది వేరే గోల, దాని జోలికి పోతే ఈ అమ్మాయి ప్రశ్న పక్కకి పోద్ది.

బందరురోడ్డు_టెక్కీ | 11:41

సరే, ఇంగ్లీషు సంగతి నేను ఒప్పుకోను గానీ వదిలేస్తా. కానీ రోజంతా పిల్లలతో మాట్లాడుతూనే ఉండాలని, చిన్నప్పుడు వినే మాటల్లో 3 కోట్ల తేడా వస్తదని ఎక్కడో చదివా, అది నిజమేనా? అలా అయితే రోజంతా యూట్యూబ్‌లో రైమ్స్ పెడితే మాటలు ఎక్కువ వింటాడు కదా, మరి దాన్ని ఎందుకు వద్దంటారు?

గుంటూరు_స్పీచ్ | మధ్యాహ్నం 1:30

మంచి ప్రశ్న, అన్నం తిని రాస్తున్నా కాబట్టి కాస్త పొడుగ్గా.

ఆ 3 కోట్ల మాట అమెరికాలో కాన్సస్‌లో 42 కుటుంబాలని చూసి చెప్పింది, హార్ట్, రిస్లీ అని ఇద్దరు, 1995 లో పుస్తకంగా వచ్చింది. అంత కొద్దిమందిని చూసి అంత పెద్ద అంకె చెప్పడం మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి, వేరేవాళ్ళు చూస్తే తేడా అంత రాలేదు కూడా. 2018 లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల మీద చేసిన దాంట్లో తేలింది ఏంటంటే, చెవిన పడ్డ మాటల సంఖ్య కంటే పిల్లాడు ఒకటి అంటే మనం ఒకటి, మళ్ళీ వాడు ఒకటి, ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఎన్ని జరిగాయన్నదే భాషకి పనికొచ్చింది. కాబట్టి రోజంతా రేడియోలా వాగక్కర్లేదు.

యూట్యూబ్ సంగతి. 2003 లో వాషింగ్టన్ యూనివర్సిటీలో పాట్రీషియా కూల్ అనే ఆవిడ తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనా వాళ్ళ మాండరిన్ వినిపించారు. కొంతమందికి మనిషే ఎదురుగా కూర్చుని పుస్తకం చదివి, బొమ్మలతో ఆడించారు. కొంతమందికి అదే మనిషి, అవే మాటలు, వీడియోలో. మనిషి దగ్గర కూర్చున్న పిల్లలు మాండరిన్ శబ్దాలు పట్టుకున్నారు, వీడియో చూసిన వాళ్ళకి ఏమీ రాలేదు. స్క్రీన్ ఆగదు కదండీ. పిల్లాడు "బౌ" అంటే దానికి వినపడదు, వాడు పక్కకి చూస్తే అది కూడా అటు చూడదు.

మన ఐఏపీ, అంటే పిల్లల డాక్టర్ల సంఘం, రెండేళ్ళలోపు స్క్రీన్ అసలు వద్దంటుంది, రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకి గంట దాటకూడదు, అదీ పెద్దవాళ్ళు పక్కనుండి. డబ్ల్యూహెచ్‌ఓ 2019 లో దాదాపు ఇదే చెప్పింది. ఊర్లో ఉన్న తాతయ్యతో వీడియో కాల్ మాట్లాడించడం వేరు, అక్కడ అవతల మనిషి జవాబిస్తాడు.

ఇంకో సంగతి చెప్పాలనిపిస్తోంది, మన అక్షరాలతో చేసింది కాబట్టి. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అని ఇద్దరు 1984 లో చూస్తే, ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలో ట, త తేడా చక్కగా పట్టేశారు, ఏడాది వచ్చేసరికి వాళ్ళలో చాలామందికి ఆ తేడా తెలియట్లేదు, ఎందుకంటే ఇంట్లో వినపడదు. అంటే మాట రాకముందే చెవి మన భాషకి సర్దుకుంటోంది. నెలల పిల్లలతో ఏం మాట్లాడతాం, వాళ్ళకేం తెలుసు అనేవాళ్ళ కోసం ఇది. ఉంగా అంటే ఉంగా అనండి చాలు.

స్మార్ట్_కిడ్స్_విజయవాడ | 2:05

[ఈ పోస్ట్ తొలగించబడింది]

వేదిక_నిర్వాహకుడు | 2:17

"నెలలో మాటలు గ్యారంటీ, వాట్సాప్ చేయండి" తరహా ప్రకటనలు ఇక్కడ వద్దని ముందే చెప్పాం. ఇంకోసారి పెడితే అకౌంట్ తీసేస్తాం.

గుంటూరు_స్పీచ్ | 2:40

థ్యాంక్స్ అండి. ఎవరి దగ్గరికెళ్ళినా ఆర్‌సీఐ (ఇలాంటి థెరపిస్టుల్ని నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ మండలి) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, స్పీచ్ థెరపీ చదివిన వాళ్ళకి అది ఉంటుంది, అడిగితే మొహం మాడ్చుకునే చోట నుంచి లేచొచ్చేయండి. మాటలకి గ్యారంటీ ఇచ్చేవాళ్ళని దూరం పెట్టండి. లోపలికి మిమ్మల్ని రానివ్వకుండా తలుపేసి థెరపీ చేసి పంపించే చోటు కూడా నాకు నచ్చదు, వారానికి ఒకటి రెండు గంటలు మా దగ్గరుంటాడు, మిగతా వారమంతా మీ దగ్గరే కదా ఉండేది, ఏం చేస్తున్నామో మీకు చూపించాలి.

నల్లపాడు_సునీల్ | సాయంత్రం 6:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా పాపకి మూడున్నర, మాటలు బాగా వచ్చాయి, ఈ మధ్య "నా నా నా నాకు" అని ఆగిపోతోంది, నత్తి వస్తదేమో అని భయంగా ఉంది. నిదానంగా చెప్పు, మళ్ళీ చెప్పు అంటున్నాం.

గుంటూరు_స్పీచ్ | 7:45

రెండు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామందికి ఇలా వచ్చి చాలావరకు అదే పోతుంది. "నిదానంగా", "మళ్ళీ చెప్పు" మాత్రం ఈరోజే ఆపేయండి. మీరు నిదానంగా మాట్లాడండి, ఆ అమ్మాయి చెప్పేది పూర్తయ్యేదాకా మొహం చూస్తూ వినండి, వాక్యం మీరు పూర్తి చేయొద్దు, తాతయ్యని అనుకరిస్తోంది అని నవ్వొద్దు. ఆరు నెలలు దాటినా, మాట రాక మెడ బిగించినా, కళ్ళు గట్టిగా మూసినా, మాట్లాడటానికే భయపడినా, ఇంట్లో ఎవరికైనా నత్తి ఉన్నా ఆగకుండా చూపించండి. ర ని ల అనడం, ళ పలక్కపోవడం ఆ వయసులో పట్టించుకోకండి, రాముడు లాముడైనా ఫర్వాలేదు, ర స్థిరపడటానికి ఐదేళ్ళు కూడా పట్టొచ్చు.

భవానీపురం_శిరీష | రాత్రి 9:20

అందరూ చెప్పేది బానే ఉంది గానీ ఒక మాట. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి రాత్రి ఏడింటికి వచ్చే నాలాంటి వాళ్ళ సంగతేంటి? మా పాపని చూసుకునే అమ్మాయి అసలు మాట్లాడదు, మంచి పిల్లే, శుభ్రంగా చూస్తుంది, టీవీ పెట్టుకుని కూర్చుంటుంది. నేనొచ్చేసరికి వంట, గిన్నెలు. చిక్కుడుకాయలు నేను ముందే కోసి అమ్మేవే కొంటా. ఇవన్నీ చదివితే నాలాంటి తల్లులకి తప్పు చేస్తున్నట్టే అనిపిస్తది, అది కూడా కొంచెం ఆలోచించి రాయండి. అసలు ఇన్ని పోస్టుల్లో నాన్నలు ఏం చేయాలో ఒక్కరూ రాయలేదు.

లాలాపేట_భాయి | 9:33

ఆఖరి లైన్‌కి సలాం అక్కా. నేను షాపు కట్టేసి వచ్చాక చిన్నోడికి స్నానం నా డ్యూటీ. మగ్గుతో నీళ్ళు పోసే ముందు "ఒకటీ.. రెండూ.." అని ఆగుతా, వాడు "మూడూ" అని అరిస్తేనే పోస్తా. ఏడాదిన్నరప్పుడు వాడు "ఊఊ" అనేవాడు, అదే మూడు అనుకుని పోసేవాణ్ణి. ఎక్స్‌ట్రా టైమేం పట్టలేదు, ఎట్టాగూ స్నానం చేయించాలిగా.

బ్రాడీపేట_టీచరమ్మ | 9:50

శిరీషా, నిన్నెవరూ ఏమీ అనలేదు తల్లీ. ఆ పిల్లకి మాటలు రాక కాదు, ఎవరూ మాట్లాడమని చెప్పక. నువ్వు వెళ్ళేటప్పుడు "సాయంత్రం నేనొచ్చాక పాప ఏమేం చేసిందో నాకు చెప్పాలి" అను. చెప్పడం కోసమైనా గమనిస్తది, పాపతో అంటది. రాత్రి పడుకునేటప్పుడు ఓ పది నిమిషాలు దీపం తీసేసి కథ చెప్పు, పుస్తకం కూడా అక్కర్లే, ఇవాళ పాప ఏం చేసిందో అదే కథగా చెప్పు, దాని పేరు వినపడితే చెవులు రిక్కించుకుని వింటది.

పుస్తకాలు కావాలంటే ఏలూరు రోడ్డులో షాపుల్లో ఓ పూట తిరుగు, జనవరి అయితే విజయవాడ పుస్తకాల పండగ ఉండనే ఉంది. మంచి పుస్తకం వాళ్ళవి చిన్నపిల్లలకి తెలుగులో ధర తక్కువలో దొరుకుతయ్. ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఊరికే చదువుకోవచ్చు, ప్రింట్ తీసుకో, ఫోన్‌లో చూపించావంటే మళ్ళీ మొదటికొస్తది. రెండేళ్ళ పిల్లకి పుస్తకం మొత్తం చదవాలని పెట్టుకోకు. ఒకే పేజీ దగ్గర కూర్చుని కుక్క తోక మీద వేలు పెట్టి తిప్పుద్ది, తిప్పనీ. అదే పుస్తకం రేపూ ఎల్లుండీ కావాలంటది. నీకు విసుగు, దానికి కాదు.

పటమట_అమ్మ | శుక్రవారం రాత్రి 10:05

అందరికీ పేరుపేరునా నమస్కారం. నిన్నటి నుంచి అన్నం వంటగది గట్టు మీద కూర్చోబెట్టి పెడుతున్నాం ఫోన్ లేకుండా. మొదటి పూట ఇల్లు పీకి పందిరేశాడు, నాలుగు ముద్దలు తిన్నాడేమో, మా అత్తగారు పిల్లాణ్ణి మాడుస్తున్నావని నామీద అలిగారు. ఇవాళ మధ్యాహ్నం ఆవిడే కిటికీ దగ్గర కూర్చుని బండ్లు చూపిస్తూ పెట్టారంట, "బచ్చు పో" అన్నాడట. రెండు మాటలు కలిసినట్టే కదా మేడమ్? ఆవిడ నాకంటే ముందు ఊరంతా ఫోన్ చేసి చెప్పేశారు.

ఈఎన్‌టీ దగ్గర చూపించాం, ఒక చెవిలో నీరు ఉందేమోనని మందులు రాసి, తర్వాత బెరా చేయాలన్నారు. దానికి ఎలా తీసుకెళ్ళాలి, భయమేస్తోంది, కదలకుండా ఉండడు వీడు.

గుంటూరు_స్పీచ్ | 10:20

"బచ్చు పో" కలిసినట్టే, నిక్షేపంగా. అత్తగారికి నా తరఫున కూడా చెప్పండి. అయినా టెస్ట్ మానొద్దు, థెరపిస్టుని ఒకసారి కలవడం కూడా.

కృష్ణలంక_నాన్న | 10:34

బెరా నొప్పేం ఉండదమ్మా, తలకీ చెవుల వెనకా చిన్న స్టిక్కర్లు అంటించి చెవిలో చప్పుడు పెడతారు, పిల్లాడు నిద్రలో ఉండాలి, అంతే. ముందురోజు రాత్రి లేటుగా పడుకోబెట్టి తెల్లారే లేపమంటారు, దార్లో కారులో నిద్రపోకుండా చూసుకోండి, మా పాప బెంజ్ సర్కిల్ దాటేలోపే పడుకుని అక్కడికెళ్ళాక పూర్తిగా లేచి కూర్చుంది, ఆ రోజు వెనక్కి పంపేశారు. నిద్ర రాకపోతే సిరప్ ఇస్తారు, అందుకని ఎప్పటినుంచి ఏం పెట్టకూడదో ముందే ఫోన్ చేసి అడగండి. తలకి నూనె రాయొద్దు, స్టిక్కర్లు అంటుకోవు. రిపోర్ట్ గ్రాఫ్‌తో సహా కాపీ తీసుకోండి.

మిర్చియార్డు_మామ | 10:52

అమ్మా స్పీచ్ మేడం, మా మనవడికి ఏడాదిన్నర. మాటలు బానే ఉన్నయ్, అమ్మా అత్తా తాతా అన్నీ అంటాడు, కానీ ఏడాదంతా ముక్కు కారతానే ఉంటది. వాడికి గూడా ఈ చెవి టెస్టు చేయిత్తే మంచిదంటారా?

గుంటూరు_స్పీచ్ | 10:58

మంచిదే మామగారూ. ముందు ఈఎన్‌టీకి చూపించండి, చెవిలో నీరు ఉన్నప్పుడు ఓఏఈ అనే చెవి టెస్ట్ చేస్తే ఫెయిల్ అనే వస్తది, మీరు కంగారు పడతారు. అది తగ్గాక చేయించండి, కొద్ది నిమిషాల పని.